లీజు 80 ఏళ్ళకు దిగకముందే కదలండి: స్లౌలో ఫ్లాట్ ఉన్న తమ్ముడికి జవాబు

మీ ప్రశ్న పొడవుగా ఉంది కాబట్టి మిగతావాళ్ళ కోసం ముందు నాలుగు ముక్కల్లో చెప్తాను. ఇంగ్లండ్‌లోని స్లౌలో రెండు బెడ్‌రూముల ఫ్లాట్, 2019లో కొన్నారు, ఇప్పటి విలువ సుమారు 3 లక్షల పౌండ్లు. లీజు 2007 జూన్ 24 నుంచి 99 ఏళ్ళు. గ్రౌండ్ రెంట్ (నేల యజమానికి ఏటా కట్టే అద్దె) మొదటి 33 ఏళ్ళు ఏటా 150 పౌండ్లు, తర్వాతి 33 ఏళ్ళు 300, చివరి 33 ఏళ్ళు 450. ఫ్రీహోల్డర్ (నేల, బిల్డింగు అసలు యజమాని) తరఫు ఏజెంట్ ఉత్తరం రాశాడు: 7,000 పౌండ్లు కడితే లీజు 125 ఏళ్ళు చేస్తాం, గ్రౌండ్ రెంట్ మాత్రం పాత పద్ధతే, ఆఫర్ 28 రోజులే. ఆఫీసులో స్నేహితుడేమో, కొత్త చట్టం వచ్చింది, ఆగితే ఖర్చు సగానికి సగం తగ్గుతుంది అంటున్నాడు. ఎవరి మాట వినాలి అని అడిగారు.

ఇద్దరి మాటా వద్దు తమ్ముడూ. 2026 జూన్ దాకా ఆగకుండా, వీలైతే మార్చిలోపే, సెక్షన్ 42 నోటీసు, అంటే లీజు పొడిగించమని చట్టప్రకారం అడిగే నోటీసు, ఇప్పించెయ్యండి. ఎందుకో కింద రాస్తున్నాను.

నేను లాయర్ని కాదు, సర్వేయర్‌ని కాదు. 2016లో రెడింగ్‌లో మా ఫ్లాట్ లీజు పొడిగించుకోవడానికి నానా అవస్థ పడ్డాను. ఆ తర్వాత తెలిసినవాళ్ళవి నాలుగైదు కేసులు మొదటి ఉత్తరం నుంచి చివరి సంతకం దాకా దగ్గరుండి చూశాను. ఇదంతా ఇంగ్లండ్, వేల్స్ సంగతి. స్కాట్లండ్‌లో ఉన్నవాళ్ళకి ఈ గొడవ దాదాపు లేదు, వాళ్ళు హాయిగా నిద్రపోవచ్చు.

మనవాళ్ళు ఇక్కడ పొరపడే చోటు ఒకటుంది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అపార్ట్‌మెంట్ కొంటే సేల్ డీడ్‌లో ఫ్లాట్ కొలతలతో పాటు నేలలో అవిభాజ్య వాటా ఇన్ని గజాలు అని రాస్తారు. రేపు బిల్డింగ్ పాతబడి పడగొట్టినా ఆ గజాలు మనవే, బిల్డర్‌తో మళ్ళీ బేరం ఆడుకోవచ్చు. ఆ అలవాటుతో ఇక్కడ కూడా ఫ్లాట్ కొన్నాం, మనదే అనుకుంటాం. ఇక్కడ లీజ్‌హోల్డ్ ఫ్లాట్‌లో ఆ గజాల లెక్కే లేదు. నేల, గోడలు, పైకప్పు అన్నీ ఫ్రీహోల్డర్‌వి. మనం కొన్నది అందులో ఇన్నేళ్ళు ఉండే హక్కు. 3 లక్షలు పెట్టి కొన్నా, 30 ఏళ్ళు మార్ట్‌గేజ్ కట్టినా, లీజు అయిపోయిన నాడు ఫ్లాట్ తిరిగి ఫ్రీహోల్డర్‌కి పోతుంది. అంత దూరం రాకముందే దెబ్బ తగలడం మొదలవుతుంది. 80 కిందకి దిగిన లీజు అంటే కొనేవాళ్ళు బేరం తగ్గిస్తారు, 70 దాటి దిగితే చాలా బ్యాంకులు అప్పివ్వడానికే వెనకాడతాయి.

అందుకే మొదటి పని, మీ లీజులో నిజంగా ఎన్నేళ్ళు మిగిలాయో కాగితం చూసి లెక్కపెట్టడం. ఏజెంట్ చెప్పింది వద్దు, కొన్నప్పటి ప్రకటనలో ఉన్నదీ వద్దు. ల్యాండ్ రిజిస్ట్రీ వెబ్‌సైట్లో కొద్ది పౌండ్లకే టైటిల్ రిజిస్టర్ దొరుకుతుంది, అసలు లీజు కాపీ కూడా తెప్పించుకోవచ్చు. అందులో రెండు తేదీలుంటాయి. ఒకటి లీజు రాసుకున్న తేదీ, రెండోది కాలపరిమితి మొదలైన తేదీ. లెక్కకొచ్చేది రెండోదే. ఆ తేదీ చాలాసార్లు మార్చి 25, జూన్ 24, సెప్టెంబర్ 29, డిసెంబర్ 25లలో ఏదో ఒకటై ఉంటుంది. అవి ఇక్కడ పాతకాలం నుంచి అద్దెలు కట్టే రోజులు.

నేను దెబ్బతిన్నది సరిగ్గా అక్కడే. మా లీజు రాసింది 1998లో, బిల్డర్ మొదటి ఓనరుకి అమ్మినప్పుడు. కాలపరిమితి మాత్రం 1996 డిసెంబర్ 25 నుంచి 99 ఏళ్ళు. నేను పైనున్న 1998 చూసి, ఇంకా 81 ఏళ్ళున్నాయి, తొందరేముంది అనుకున్నాను. 2016 ఆగస్టులో ఇల్లు మారదామని సర్వేయర్‌ని పిలిస్తే, మీకు 79 ఏళ్ళ 4 నెలలే ఉన్నాయమ్మా అన్నాడు. అప్పటికి 80 దాటి ఎనిమిది నెలలు. ఆ ఎనిమిది నెలల నిర్లక్ష్యం మాకు సుమారు నాలుగున్నర వేల పౌండ్లకు వచ్చింది.

ఈ 80 సంగతి అర్థం కావాలంటే ధర ఎలా కడతారో తెలియాలి. లీజు పొడిగింపుకి ఫ్రీహోల్డర్‌కి కట్టే మొత్తాన్ని ప్రీమియం అంటారు. అందులో మూడు భాగాలు.

మొదటిది, మీరిక కట్టబోని గ్రౌండ్ రెంట్‌కి పరిహారం. 1993 నాటి చట్టం కింద పొడిగిస్తే పాత కాలానికి పైన 90 ఏళ్ళు కలుస్తాయి, గ్రౌండ్ రెంట్ ఆ రోజు నుంచే పెప్పర్‌కార్న్ అవుతుంది. అంటే అక్షరాలా ఒక మిరియపు గింజ. అద్దె సున్నా అని రాస్తే ఒప్పందం చెల్లదేమోనన్న భయంతో ఇంగ్లీషు లాయర్లు పట్టుకున్న పాత ఉపాయం అది. మా ఫ్రీహోల్డర్ ఇప్పటిదాకా ఆ మిరియం అడగలేదు, అడిగితే పోపులపెట్టెలోంచి తీసి పంపుదామని నేను సిద్ధంగానే ఉన్నాను. సరే, మీ విషయంలో 150, 300, 450 లెక్కన 2106 దాకా రావాల్సిన అద్దెలన్నీ కూడితే సుమారు 27 వేలు. అవి ఎప్పుడో వచ్చే డబ్బులు కాబట్టి ఈనాటి విలువకి దించుతారు. ఏటా 6 శాతం చొప్పున దించితే సుమారు 3,700 అవుతుంది.

రెండోది, 2106లో ఫ్లాట్ తిరిగి ఫ్రీహోల్డర్‌కి దక్కాల్సింది ఇంకో 90 ఏళ్ళు వెనక్కి పోతుంది కదా, దానికి పరిహారం. దీనికి ఫ్లాట్ల విషయంలో 5 శాతం రేటు వాడతారు. 2006లో స్పోర్టెల్లి కేసులో ల్యాండ్స్ ట్రిబ్యునల్ తేల్చిన రేటు అది, అప్పట్నుంచి అదే నడుస్తోంది. 3 లక్షల ఫ్లాట్‌ని 80 చిల్లర ఏళ్ళకి 5 శాతంతో దించితే దాదాపు 5,900. పదోతరగతి చక్రవడ్డీ లెక్కే, వెనకనుంచి ముందుకి. రెండూ కలిపితే ఈ రోజు మీ ప్రీమియం 9,500 చుట్టుపక్కల ఉంటుంది.

మూడోది మ్యారేజ్ వాల్యూ. పేరు విని మా వారు, ఇదేదో కట్నంలా ఉందే అన్నారు. నిజంగానే ఆ బాపతే. లీజు పొడిగించగానే ఫ్లాట్ విలువ పెరుగుతుంది. మీ హక్కు, ఫ్రీహోల్డర్ హక్కు విడివిడిగా ఉన్నప్పటి విలువల కన్నా, పొడిగింపు అయ్యాక వచ్చే మొత్తం ఎక్కువ. ఆ పెరిగినదానిలో సగం ఫ్రీహోల్డర్‌కి ఇవ్వాలంటుంది చట్టం. అయితే లీజులో 80 ఏళ్ళకు మించి మిగిలి ఉంటే ఆ భాగం సున్నా అని కూడా అదే చట్టం చెప్తుంది. 80 ఏళ్ళ ఒక్క రోజు ఉంటే సున్నా, సరిగ్గా 80కి వచ్చిందా, సగం కట్టాల్సిందే.

మీ ఫ్లాట్‌కే లెక్క వేసి చూశాను. ఈ ఏడాది చివరికల్లా, అంటే 80 కిందకి దిగాక నోటీసు ఇస్తే, పొడిగించని లీజు విలువ ఫ్రీహోల్డ్ విలువలో 92.5 శాతం అనుకుందాం. మ్యారేజ్ వాల్యూలో ఫ్రీహోల్డర్ వాటా దాదాపు 4,900 పడుతుంది. మొదటి రెండు భాగాలూ అప్పటికి కాస్త పెరుగుతాయి కాబట్టి మొత్తం 14,700 దాకా పోతుంది. ఆ 92.5 నేననుకున్న అంకె. దీన్నే రిలేటివిటీ అంటారు, అసలు పోట్లాటంతా దాని మీదే. వాళ్ళ వాల్యుయర్ (విలువ కట్టే సర్వేయర్) తక్కువ శాతం చూపించే గ్రాఫు తెస్తాడు, మీ వాల్యుయర్ ఎక్కువ చూపించేది తెస్తాడు. 80 పైన ఉన్నప్పుడు ఈ గ్రాఫుల గొడవే ఉండదు. డబ్బు సంగతి పక్కన పెట్టినా, తలనొప్పి లేకుండా పోతుంది.

మీ లీజు 2007 జూన్ 24 నుంచి 99 ఏళ్ళు. ఈ 2026 జూన్ నాలుగోవారంలో 80 పడుతుంది. ఆ రోజుని కలుపుకుని లెక్కించాలా, మర్నాటి నుంచా అన్నది లీజులో రాసిన మాటని బట్టి ఒక రోజు అటూ ఇటూ అవుతుంది. ఆ ఒక్క రోజు మీద వాదించుకునే పరిస్థితి తెచ్చుకోవద్దు. ప్రీమియం లెక్క నోటీసు ఇచ్చిన తేదీ నాటికి కడతారు. నోటీసు మార్చిలో అందితే, బేరం డిసెంబర్ దాకా సాగినా మీరు 80 పైనున్నవాళ్ళే.

ఇక మీ స్నేహితుడి మాట. ఆయన చెప్పే చట్టం ఉన్నమాట నిజమే, 2024 మే 24న రాజముద్ర పడింది. లీజ్‌హోల్డ్ అండ్ ఫ్రీహోల్డ్ రిఫార్మ్ యాక్ట్ అని పేరు. అందులో 90 ఏళ్ళ బదులు 990 ఏళ్ళు ఇస్తారు, మ్యారేజ్ వాల్యూ తీసేస్తారు, లెక్కలో గ్రౌండ్ రెంట్‌ని ఫ్లాట్ విలువలో 0.1 శాతానికి మించి తీసుకోకూడదు, ఫ్రీహోల్డర్ లాయర్ ఖర్చు చాలావరకు మన నెత్తిన పడదు. అన్నీ మంచివే. కానీ ఇది రాస్తున్న 2026 జనవరి నాటికి వీటిలో ఒక్కటీ పొడిగింపులకి అమల్లోకి రాలేదు. అమల్లోకి వచ్చిన పెద్ద మార్పు ఒకటుంది: ఫ్లాట్ కొని రెండేళ్ళు నిండితేనే పొడిగింపు అడగాలన్న షరతు 2025 జనవరి 31న పోయింది. ఫ్రీహోల్డర్లు ఈ చట్టం మీద హైకోర్టుకెళ్తే 2025 అక్టోబర్‌లో కోర్టు వాళ్ళ వాదన కొట్టేసింది. అయినా ఇప్పుడు వాడుతున్న 5, 6 శాతాల బదులు ఏ రేట్లు వాడాలో ప్రభుత్వం నిర్ణయించాలి, అమలు ఉత్తర్వులు రావాలి.

సరే, రేపే అమల్లోకి వచ్చింది అనుకుందాం. మీకు ఒరిగేదేమిటి? మ్యారేజ్ వాల్యూ రద్దు మీకు లాభం కాదు, మీరు 80 పైన ఉన్నారు, మీ లెక్కలో అది ఇప్పటికే సున్నా. 0.1 శాతం పరిమితి అంటే మీ ఫ్లాట్‌కి ఏటా 300 పౌండ్లు. మీ అద్దె ఇప్పుడు 150, అది 300 దాటేది 2073 తర్వాత. ఆ తేడా ఈనాటి విలువలో నూటయాభై పౌండ్లు కూడా లేదు. 990 ఏళ్ళు వినడానికి గొప్పగా ఉంటుంది గానీ, 2196 దాకా ఉన్న లీజుకీ దానికీ మీ పిల్లలు అమ్ముకునేటప్పుడు పెద్ద తేడా ఏం రాదు. మిగిలింది అవతలివాళ్ళ లాయర్, వాల్యుయర్ ఖర్చు తప్పడం. అది రెండు మూడు వేల మాట. దానికోసం ఐదు వేలు పణంగా పెట్టి, రేట్లు ఎలా వస్తాయో తెలియని దాని కోసం కూర్చుంటారా? కొత్త రేటు 5 కంటే తక్కువ పెడితే మీలాంటివాళ్ళకి ప్రీమియం పెరిగే అవకాశం కూడా ఉంది.

ఆగమన్న సలహా అందరికీ చెడ్డదని కాదు. 65, 68 ఏళ్ళు మిగిలినవాళ్ళకి మ్యారేజ్ వాల్యూయే ప్రీమియంలో సగం దాకా ఉంటుంది. అమ్మే ఆలోచన, రీమార్ట్‌గేజ్ తొందర లేకపోతే వాళ్ళు ఆగి చూడటంలో అర్థముంది. స్నేహితుడి లీజు ఎన్నేళ్ళుందో అడగండి, బహుశా ఆయనకి ఆయన సలహా సరైనదే.

ఇప్పుడు ఏజెంట్ ఉత్తరం. దీన్ని ఇన్‌ఫార్మల్ పద్ధతి అంటారు, చట్టంతో సంబంధం లేకుండా ఇద్దరూ మాట్లాడుకుని చేసుకునేది. 7,000 అంటే 9,500 కంటే తక్కువ కదా అనిపిస్తుంది. ఏమిస్తున్నాడో చూడండి. లీజు 125 ఏళ్ళు, అంటే 2151 దాకా. చట్టం ఇచ్చేది 2196 దాకా. 45 ఏళ్ళు పోయాక మీ పిల్లలు మళ్ళీ ఇదే 80 దగ్గర నిలబడాలి. గ్రౌండ్ రెంట్ పాత పద్ధతే. 2022 జూన్ 30 నుంచి అమల్లో ఉన్న గ్రౌండ్ రెంట్ చట్టం వల్ల కొత్తగా కలిపే కాలానికి అద్దె వేయడం కుదరదు గానీ, పాత లీజులో మిగిలిన కాలానికి, అంటే 2106 దాకా, పాత అద్దె ఉంచుకోవచ్చు. 150, 300, 450 అలాగే సాగుతాయన్నమాట. ఆ అద్దె ఈనాటి విలువ 3,700 అని పైన చూశాం. అది కలిపితే ఆయన అడుగుతున్నది దాదాపు 10,700. తక్కువ కాలం, ఎక్కువ ధర.

ఇంకో సంగతి, ఆ ఉత్తరం కింద ఎక్కడో సబ్జెక్ట్ టు కాంట్రాక్ట్ అని ఉంటుంది చూడండి. చివరి సంతకం పడేదాకా వాళ్ళు ఎప్పుడైనా వెనక్కి తగ్గచ్చు, ధర మార్చచ్చు. మా పరిచయస్తుల్లో ఒకాయనకి ఇలాగే జరిగింది. 80 ఏళ్ళ 7 నెలలు ఉన్నప్పుడు ఆఫర్ వచ్చింది, సరే అన్నాడు. కాగితాలు వస్తున్నాయి, మా లాయర్ సెలవులో ఉన్నాడు, ఇంకో పత్రం కావాలి అంటూ ఎనిమిది నెలలు గడిపారు. తర్వాత ఆఫర్ గడువు అయిపోయింది, కొత్త ధర ఇదీ అని ఇంకో ఉత్తరం. కావాలని చేశారో, మామూలు బద్ధకమో చెప్పలేను. 80 దాటించాక ఎవరికి లాభమో మాత్రం తెలుసు. కాబట్టి ఏజెంట్‌తో మాట్లాడుకోండి, తప్పులేదు, కానీ ముందు సెక్షన్ 42 నోటీసు ఇచ్చి, ఆ తర్వాత మాట్లాడండి. నోటీసు ఉన్నా, ఇద్దరూ ఒప్పుకుంటే వేరే షరతులతో చేసుకోవచ్చు. అమ్మకం ఒప్పందం చేతిలో ఉండి నాలుగు వారాల్లో పని కావాల్సినవాళ్ళకి, ఫ్రీహోల్డర్ మంచి ధరకి గ్రౌండ్ రెంట్ కూడా సున్నా చేస్తానన్నవాళ్ళకి ఇన్‌ఫార్మల్ బాగానే ఉంటుంది. మీది ఆ బాపతు కాదు.

నోటీసు ఎలా ఇవ్వాలి? మీరు ఫ్లాట్ కొన్నప్పటి సొలిసిటర్ (కాగితాల పని చూసే లాయర్) దగ్గరికి అలవాటుగా వెళ్ళొద్దు. లీజు పొడిగింపులు రోజూ చేసే సొలిసిటర్ కావాలి, విడిగా అదే పని తెలిసిన రిక్స్ (సర్వేయర్ల వృత్తి సంస్థ) వాల్యుయర్ కావాలి. ఆలెప్ అనే సంఘం ఉంది, ఈ పని చేసే లాయర్లు, వాల్యుయర్లు అందులో సభ్యులు, వాళ్ళ జాబితాలో వెతకండి. ముందు ఉచితంగా సలహా కావాలంటే ప్రభుత్వం డబ్బుతో నడిచే లీజ్‌హోల్డ్ అడ్వైజరీ సర్వీస్ ఉంది, వాళ్ళ వెబ్‌సైట్లో అంచనా కట్టే క్యాలిక్యులేటర్ కూడా ఉంది. నా లెక్కని దానితో సరిచూసుకోండి.

వాల్యుయర్ ఫ్లాట్ చూసి రెండు అంకెలు చెప్తాడు, నోటీసులో ఎంత రాయాలి, చివరికి ఎంత దగ్గర తెగుతుంది. నోటీసులో మన ధర కొంచెం తక్కువగా రాయడం మామూలే, కానీ మరీ హాస్యానికి ఒక పౌండు, వంద పౌండ్లు అని రాస్తే నోటీసే చెల్లకుండా పోయే ప్రమాదం ఉంది. మీ కేసులో 7,500, 8,000 దగ్గర మొదలుపెట్టమంటాడని నా ఊహ. మీ ఖర్చుతో రెండో బాత్రూం లాంటివి కట్టించి ఉంటే ఆ బిల్లులు వాల్యుయర్‌కి చూపించండి. మీరు చేసిన మెరుగుదలల వల్ల పెరిగిన విలువని లెక్కలోంచి తీసేయాలి.

మనవాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాల్సింది పేర్ల గురించి. నోటీసులో ఓనర్ల పేర్లు ల్యాండ్ రిజిస్ట్రీలో ఉన్నట్టే, అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. ఇంటిపేరు ముందా వెనకా, పాస్‌పోర్టులో ఒకలా, మార్ట్‌గేజ్‌లో ఒకలా ఉండటం మనకి మామూలు. నాకు తెలిసిన ఒకమ్మాయికి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ, రిజిస్టర్‌లో పేరే రెండుసార్లు పడింది. నోటీసులో సొలిసిటర్ తెలివిగా సరిచేసి ఒక్కసారే రాశాడు. అవతలివాళ్ళు దాన్ని పట్టుకుని, ఈ నోటీసు ఓనర్ ఇచ్చింది కాదు అని ఉత్తరం రాశారు. చివరికి తేలింది గానీ రెండు నెలల టెన్షన్. మీ ఆవిడ పేరు కూడా రిజిస్టర్‌లో ఉందన్నారు కాబట్టి నోటీసు ఇద్దరి పేర్లతో వెళ్ళాలి. మీ ఆవిడ ఇప్పుడు పురిటికి కాకినాడలో ఉన్నారని రాశారు, దానివల్ల ఆగక్కర్లేదు. 2014 నుంచి మీ తరఫున సొలిసిటర్ సంతకం చేస్తే చాలు. ఆమె అనుమతి మాత్రం మెయిల్‌లో తీసుకుని పెట్టుకోండి. చివర్లో కొత్త లీజు మీద మాత్రం ఇద్దరూ సంతకం పెట్టాలి.

నోటీసు ఎవరికివ్వాలన్నదీ చూడాలి. గ్రౌండ్ రెంట్ వసూలు చేసే మేనేజింగ్ ఏజెంట్ ఫ్రీహోల్డర్ కాదు. కొన్ని బిల్డింగుల్లో ఫ్రీహోల్డర్‌కీ మీకూ మధ్యలో హెడ్ లీజ్ (మీ లీజుకి పైనుండే ఇంకో లీజు) పట్టుకున్న కంపెనీ ఉంటుంది. టైటిల్ రిజిస్టర్లు అన్నీ తీయించి సరైనవాడికి ఇప్పించడం సొలిసిటర్ పని. ఫ్రీహోల్డర్ అసలు దొరక్కపోతే దానికి కౌంటీ కోర్టు దారి వేరే ఉంది, మీకు ఉత్తరం వచ్చింది కాబట్టి ఆ ఇబ్బంది లేదు.

నోటీసు అందాక గడువులు మొదలవుతాయి, వాటిని క్యాలెండర్లో రాసి పెట్టుకోండి, సొలిసిటర్ చూసుకుంటాడులే అని వదిలేయొద్దు. ఫ్రీహోల్డర్ జవాబు ఇవ్వడానికి కనీసం రెండు నెలలు ఇవ్వాలి, ఆ తేదీ నోటీసులోనే ఉంటుంది. ఈలోగా వాళ్ళు డిపాజిట్ అడగొచ్చు, మీరు రాసిన ధరలో 10 శాతం లేదా 250 పౌండ్లు, ఏది ఎక్కువైతే అది. అడిగిన 14 రోజుల్లో కట్టాలి. 8,000 రాస్తే 800 సిద్ధంగా పెట్టుకోండి. వాళ్ళ వాల్యుయర్ ఫ్లాట్ చూడటానికొస్తాడు. మర్యాదగా కాఫీ ఇవ్వండి, ఫ్లాట్ గురించి గొప్పలు మాత్రం చెప్పకండి. స్టేషన్ ఐదు నిమిషాలే అని మా వారు ఉత్సాహంగా చెప్తుంటే నేను వంటింట్లోంచి సైగలు చేశాను.

గడువులోపు వాళ్ళు కౌంటర్ నోటీసు, అంటే మీ నోటీసుకి జవాబు, ఇవ్వకపోతే కోర్టుకి వెళ్ళి మీరు రాసిన షరతుల మీదే లీజు పొందొచ్చు, అందుకే అనుభవమున్న ఫ్రీహోల్డర్లు ఆ గడువు తప్పరు. కౌంటర్ నోటీసులో మీ హక్కు ఒప్పుకుంటూ వాళ్ళ ధర రాస్తారు. చూసి భయపడకండి. మాకు 19,000 అడిగారు, చివరికి 12,000 దగ్గర తెగింది. వాల్యుయర్లిద్దరూ ఫోన్లో, మెయిళ్ళలో మాట్లాడుకుని తేలుస్తారు. రెండు నెలలైనా తెగకపోతే ఇలాంటి తగాదాలు తేల్చే ఫస్ట్ టైర్ ట్రిబ్యునల్‌కి దరఖాస్తు చేయొచ్చు. కౌంటర్ నోటీసు తేదీ నుంచి ఆరు నెలల్లోపు చేసి తీరాలి. చేయకపోతే నోటీసు వెనక్కి తీసుకున్నట్టే లెక్క. పన్నెండు నెలల దాకా కొత్త నోటీసు ఇవ్వకూడదు, అప్పటిదాకా అయిన వాళ్ళ ఖర్చులూ మీరే కట్టాలి. మీరు అప్పటికి 80 కింద ఉంటారు, చేసినదంతా వృథా. బేరం బాగానే నడుస్తోంది కదా అని దరఖాస్తు మానేసినవాళ్ళు ఇక్కడే మునుగుతారు. దరఖాస్తు వేసినా చాలా కేసులు విచారణ దాకా పోవు, విచారణ తేదీ దగ్గరపడుతుంటే రెండు వైపులా దిగొస్తారు. షరతులు కుదిరాక కూడా లీజు పూర్తి చేయడానికి గడువులున్నాయి. రెండు నెలల్లో కాకపోతే ఆ తర్వాతి రెండు నెలల్లో కోర్టులో వేయాలి.

ఖర్చు సంగతి. ప్రీమియం కాక మీ సొలిసిటర్, మీ వాల్యుయర్, ల్యాండ్ రిజిస్ట్రీ ఫీజు, వాటి పైన ఫ్రీహోల్డర్ సొలిసిటర్, వాల్యుయర్ ఫీజు కూడా న్యాయమైనంత వరకు మీదే. ట్రిబ్యునల్లో వాళ్ళ లాయర్ వాదించిన ఖర్చు మాత్రం ఇందులోకి రాదు. 2016లో మాకు ఇవన్నీ కలిపి మూడు వేలకు కొంచెం పైన అయ్యాయి, ఇప్పుడు నాలుగు నుంచి ఐదున్నర వేలు పెట్టుకోండి. వాళ్ళు పంపిన బిల్లుని అలాగే కట్టేయకండి, ఎన్ని గంటలు, ఏ పనికి అని విడగొట్టి అడగండి. అడిగితేనే మాకు నాలుగు వందలు తగ్గాయి.

మార్ట్‌గేజ్ ఉంది కాబట్టి బ్యాంకుకి ముందే చెప్పండి. పాత లీజు మీదున్న తాకట్టు కొత్త లీజు మీదకి మారాలి, దానికి వాళ్ళ కాగితాలు కొన్ని ఉంటాయి. కొందరు బ్యాంకు దగ్గరే ప్రీమియం మొత్తానికి అదనపు లోన్ తీసుకుంటారు, అదీ అడగండి.

బిల్డింగులో మిగతావాళ్ళవీ ఇదే 2007 లీజులై ఉంటాయి. వాట్సాప్ గ్రూపులో ఈ జూన్ తేదీ ఒకసారి చెప్పండి. సగం మంది కలిసొస్తే మొత్తం ఫ్రీహోల్డే కొనే దారి ఇంకోటుంది, కానీ ఐదు నెలల్లో అంతమందిని ఒక్క మాట మీదకి తేవడం మన అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగులు చూసినవాళ్ళెవరూ నమ్మరు. నలుగురైదుగురు ఒకే సొలిసిటర్, ఒకే వాల్యుయర్ దగ్గరికి కలిసి వెళ్తే మాత్రం ఫీజు తగ్గిస్తారు. వాళ్ళ కోసం ఎదురుచూస్తూ మీది ఆపకండి.

ఈ వారంలో ల్యాండ్ రిజిస్ట్రీ నుంచి లీజు కాపీ తెప్పించి, కాలపరిమితి ఉన్న పేరా ఫోటో పెట్టండి, జూన్ 24 అన్నది నిజమేనా అని చూద్దాం. ఏజెంట్‌కి జవాబుగా, ఉత్తరం అందింది, సలహా తీసుకుంటున్నాం అని రెండు ముక్కలు చాలు. కౌంటర్ నోటీసు వచ్చినప్పుడు వాళ్ళు అడిగిన అంకె కూడా రాయండి, ఎంత తగ్గించవచ్చో నాకు తోచింది చెప్తాను.